వీపు వెనక ఇంజను

ఫిబ్రవరి 3

ఒరేయ్ తమ్ముడూ,

నీ దగ్గు తగ్గిందో లేదో కిందటి ఉత్తరంలో రాయలేదు. రాయలేదంటే తగ్గలేదని నాకు తెలుసు. ఆ గని దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా నీకు చెవికెక్కదు.

ఇక్కడి సంగతి, మీ బావ పని మానేశారు. పెయింటు షాపులో ఇన్నేళ్ళు రంగులు కలిపిన మనిషి. గీత పడ్డ కారు ఏదొచ్చినా, కొత్తగా వేసింది ఎక్కడో పాతది ఎక్కడో కనుక్కోలేనట్టు కలిపేవారు. ఓనరుతో మాటామాటా వచ్చిందట. "వాడి దగ్గర ఇంక చెయ్యను" అన్నారు, అంతే. ఏం జరిగిందండీ అని అడిగితే గోడకి చెప్పుకున్నట్టే.

మానేసిన వారానికి ఒక కారుకి తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి పక్క షెడ్డులో పెట్టారు. ఎవరో బాగు చేయించుకుందామని తెచ్చి, విసిగి, షాపు వెనకే వదిలేసి పోయాడట. చోటు ఖాళీ అవుతుందని ఓనరు తీసుకుపొమ్మన్నాడట. రెండే సీట్లు. ఎక్కాలంటే ముందు కూలబడాలి, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి లాక్కోవాలి. ముందు మూత ఎత్తాను, స్టెప్నీ ఉంది. వెనక మూత ఎత్తాను, రెండు సంచులు పట్టే గొయ్యి ఉంది. "ఇంజను ఏదండీ, అమ్ముకు తిన్నారా?" అన్నాను. ఆయన నవ్వారు. పని మానేశాక అదే మొదటి నవ్వు. సీట్ల వెనక గోడ మీద తట్టి, "ఇక్కడుంది" అన్నారు. మనిషి వీపుకీ వెనక చక్రాలకీ మధ్య దాన్ని కుక్కిన మహానుభావుడెవరో గానీ, వాడి చేతికి స్పానర్ ఎవరూ ఇచ్చి ఉండరు.

ఇప్పుడు మా ఇంట్లో నాకు సవతి ఉంది. తెల్లారితే ఆయన దాని దగ్గరే. కొత్త నీళ్ళు పోసి స్టార్ట్ చేస్తే ఇంజను సలసల కాగిపోతోంది. నువ్వేమైనా చెప్పగలవా? నేను అడిగానని తెలియకూడదు. బావమరిదిని అడగడం ఆయనకి నామోషీ. రేడియోలో విన్నానని చెప్తాను.

సవతి పోరు పడుతున్న
నీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

దగ్గు తగ్గింది. మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను. మెస్సులో కొత్త వంటవాడి పుణ్యమా అని తిండి దగ్గర కూడా విప్పబుద్ధి కావడం లేదు.

రేడియోలో కారు రిపేర్లు ఎప్పటినుంచి చెప్తున్నారే? బావ నమ్ముతారా?

నేను ఇక్కడ గనిలో రిపేరు చేసే ట్రక్కుల చక్రం నాకంటే ఎత్తు. ఇంజను దగ్గరికి నిచ్చెన ఎక్కి వెళ్తాం. అందులో కూర్చుని ఇద్దరం టీ తాగొచ్చు. నీ సవతి సంగతి దానికి తలకిందులు. బరువంతా నడుముకి వచ్చేలా కట్టిన బండి అది. మలుపుల్లో పాములా తిరుగుతుంది, నిజమే. కానీ బాగు చేసేవాడికి నరకం. ఒక పక్క సీట్ల వెనక కిటికీ అంత కంతలోంచి, ఇంకో పక్క చక్రం తీసి సందులోంచి, మూడో పక్క కింద పడుకుని. ప్లగ్గు మార్చాలన్నా చెయ్యి మోచేతి దాకా దూర్చి తడుముకోవాలి.

కాగడానికి కారణం ఇదై ఉంటుంది. రేడియేటర్ ముందు మూతి దగ్గర, ఇంజను వెనక. మధ్యలో కారు పొడుగునా పైపులు. వాటిలో గాలి ఇరుక్కుంటే కడుపుబ్బరం వచ్చిన పసిపిల్లే, ఎంత పట్టినా లోపలికి పోదు. కారు ముందు భాగం బాగా ఎత్తి, రేడియేటర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేసి, బుడగలు ఆగేదాకా నిదానంగా పొయ్యమను. వేడి మీద మూత తీయొద్దని గట్టిగా చెప్పు.

ఇంకో మాట. ఇంజను తర్వాత, ముందు బ్రేకులు. కదలని కారు ఎవరినీ ఏమీ చెయ్యదు, ఆగని కారే చేస్తుంది. బ్రేకు మాస్టర్ సిలిండర్, అదే పెడలు తొక్కితే ఆయిలుని చక్రాల దాకా నెట్టేది, విప్పి నాకు పార్సెల్ చేస్తే, ఇక్కడ బల్ల మీద పెట్టి రబ్బర్లన్నీ మార్చి పంపుతాను. ఆ పని షెడ్డులో చేసేది కాదు.

ఇంతకీ బావ మళ్ళీ వేరే షాపులో చేరరా? ఆయన చేతికి పని దొరక్కపోవడం ఏమిటి?

తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

దొరికిపోయాను. నీ ఉత్తరం కుట్టుమిషను సొరుగులో పెట్టాను. కత్తెర కోసం వెతుకుతూ ఆయన చూశారు. "మీ వాడు రేడియోలో ఎప్పుడు చేరాడు?" అన్నారు. ఒక పూట మూతి ముడుచుకుని, తర్వాత నువ్వు చెప్పినట్టే కారు మూతి పైకెత్తి గాలి తీశారు. కాగడం ఆగింది. ఒప్పుకోవడం మాత్రం, "నేనూ అదే అనుకున్నాను" అన్నంత వరకే. సిలిండర్ ఇదే సంచిలో పంపుతున్నాను.

ఒకటి కుదిరితే రెండు చెడుతున్నాయిరా. డైనమో తీయడానికి మొత్తం వారం పట్టింది. ఆఖరి బోల్టు తల తెగి లోపలే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లుతో తీయబోతే డ్రిల్లు ముక్క కూడా అందులోనే విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన స్పానర్ విసిరికొడితే షెడ్డు రేకు సొట్టపోయింది. వైర్లు కలిపితే పొగ వచ్చింది. నీలం కలవాల్సిన చోట ఆకుపచ్చ కలిపారు. మోచేతుల దాకా గీరుకుపోయి, పిల్లికి స్నానం చేయించిన వాడిలా ఉన్నారు.

వీటికి నేను బాధపడను. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటుంది. ఆయన నన్ను చూడటం మానేశారు. టీ తీసుకెళ్ళి పక్కన నిలబడితే తల తిప్పరు. నిలబడి నిలబడి కప్పు కింద పెట్టి వచ్చేస్తాను. కాసేపటికి "టీ ఇవ్వలేదేం?" అని కేకేస్తారు. కాలు తగిలి కప్పు ఒలికిపోయి ఉంటుంది. సాయంత్రం నాతో బయటికి రమ్మంటే రారు. మొన్న గడప తన్నుకుని పడబోయి, లైటు వెయ్యలేదేమని నా మీద అరిచారు. లైటు వెలుగుతూనే ఉంది.

నేను ఏం తప్పు చేశాను? కర్టెన్ల షాపులో పని ఎక్కువైందని, ఇంటి ఖర్చు నా కుట్టు మీద నడుస్తోందని మనసులో పెట్టుకున్నారా? నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు.

సిలిండర్ త్వరగా పంపు.

అక్క


మార్చి 24

అక్కా,

సిలిండర్ ఈ ఉత్తరంతోనే పార్సెల్ చేసి పంపుతున్నాను. లోపల తుప్పు గీకి, నునుపు చేసి, రబ్బర్లన్నీ కొత్తవి వేశాను. మా ఫోర్మన్ చూసి, "ఇది ఏనుగుల్ని ఆపుతుంది" అన్నాడు. బావ బిగించాక నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోంచి గాలి తీయాలి. ఒకరు పెడలు నొక్కాలి, ఒకరు కింద మర తిప్పాలి. నువ్వే నొక్కాలి మరి.

ఇప్పుడు రాసేది చదివి కోప్పడకు. నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియకపోవడానికి ఆయనేమైనా నాలాంటివాడా? రంగుల్లోనే బతికిన మనిషి. గడపలు తన్నుకోవడం, కప్పులు తన్నడం, ఉన్నట్టుండి అరవడం, సాయంత్రమైతే బయటికి రాకపోవడం. ఓనరు ఊరికే గొడవ పడలేదేమో. అక్కా, బావ తాగుతున్నారా?

మా దగ్గర ఇలాంటి వాళ్ళని చూస్తూనే ఉంటాను. షెడ్డులో సీసాలున్నాయేమో ఒకసారి చూడు. నీ మంచి కోరే అడుగుతున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడికి,

సిలిండర్ అందింది.

షెడ్డులో సీసాలు చూశాను. బ్రేకు ఆయిలు ఒకటి, గేరు ఆయిలు ఒకటి. తాగేవి లేవు. మీ బావ మా పెళ్ళినాడు కూడా గ్లాసు ముట్టని మనిషి. నేను పరువు విడిచి నీకు చెప్పుకున్న మాటల్ని ఏరి, మాల కట్టి, ఆయన మెడలోనే వేశావు. ఇకనుంచి నా ఇంటి సంగతులు నీకు రాయను, కారు సంగతులే రాస్తాను.

ఇంజను లోపలి పళ్ళ బెల్టు మార్చారు. ఇంజను పక్కగోడకీ బెల్టుకీ మధ్య అరచెయ్యి పట్టదు. మెకానిక్కులు ఇంజను మొత్తం దించి చేస్తారట ఆ పని. ఆయన దించలేదు. సీటు తీసేసి, కంతలోంచి చెయ్యి దూర్చి, తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని పళ్ళు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకుంటూ ఎక్కించారు. "దీపం పట్టనా?" అన్నాను. "వద్దు. ఈ ఇంజను దగ్గర కళ్ళున్నవాడూ లేనివాడూ ఒకటే" అన్నారు. ఒక పన్ను తప్పితే ఇంజను నుగ్గవుతుందట. తప్పలేదు.

బ్రేకులకి నేనే పెడలు నొక్కాను. ఆయన చక్రం దగ్గర పడుకుని "నొక్కు... పట్టుకో... వదులు" అంటుంటే, అలా ఒక ఆదివారమంతా. నొక్కి నొక్కి పిక్క పట్టేసింది. మూడుసార్లు అయిపోయిందనుకున్నాం, మూడుసార్లూ పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. నాలుగోసారి రాయిలా నిలబడింది. ఆయన కారు కిందనుంచి బయటికి వచ్చి, నల్లటి చేత్తోనే నా పాదం పట్టుకుని, "చూశావా, ఎలా నిలబడిందో!" అన్నారు. ఎన్నాళ్ళకో మేమిద్దరం మాట్లాడుకున్నాం ఆ రోజు.

ఇంజను కూడా స్టార్టయింది. మాకు నీ సలహాలు ఇంక అక్కర్లేదు.

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. తాగుడు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కోపం తర్వాత తీర్చుకుందువు గానీ, ఇది మాత్రం కాస్త నిదానంగా చదువు.

మా దగ్గర ఒక డ్రైవరు ఉండేవాడు. పాతకాపు. ఉన్నట్టుండి గేటు స్తంభాలకి ట్రక్కు రాయడం మొదలుపెట్టాడు. తాగుతున్నాడన్నారు అందరూ, నాతో సహా. కంపెనీ డాక్టరు చూసి, వాడి చూపు అంచుల నుంచి మూసుకుపోతోందన్నాడు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కనపడుతుందట, పక్కన ఉన్నది ఉండదట. వెలుతురు తగ్గితే అసలే కనపడదట. రంగులు కూడా కలిసిపోతాయట.

ఇప్పుడు బావ సంగతి నువ్వు రాసినవన్నీ ఒక్కచోట పెట్టుకుని చూడు. పక్కన నిలబడితే నిన్ను చూడలేదు. లైటు ఉండగా చీకటన్నారు. నీలం, ఆకుపచ్చ. దీపం వద్దన్నారు, కళ్ళు మూసుకుని బెల్టు వేశారు. నీ మీద కోపం లేదక్కా ఆయనకి. నువ్వు కనపడలేదు.

ఒకసారి పక్కకి నిలబడి, మాట్లాడకుండా, ఆయన చెవి పక్కన చెయ్యి ఊపి చూడు. కదలకపోతే నేను చెప్పిందే నిజం. ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళు. అప్పటిదాకా ఆ కారు తాళాలు నీ దగ్గర పెట్టుకో. ఎట్టి పరిస్థితిలోనూ నడపనివ్వకు. నువ్వూ అందులో ఎక్కకు.

తమ్ముడు


ఏప్రిల్ 25

అక్కా,

ఇప్పుడే ఆఫీసు గుమాస్తా చీటీ తెచ్చి ఇచ్చాడు. "కారు ప్రమాదం. అక్క, బావ క్షేమం" అని ఉంది. ఫోను నువ్వు చేశావో, పక్కింటి వాళ్ళు చేశారో కూడా రాసుకోలేదు వాడు. చీటీ చదివి ట్రక్కు మెట్టు మీద కూలబడ్డాను. మీ ఇద్దరికీ ఏమీ కాలేదు, నాకు అంతే చాలు.

కారు పోతే పోనీ. ముక్కలైందా? పీడ వదిలింది. ఒక రకంగా మంచికే జరిగింది. ఇప్పుడైనా బావ కళ్ళ సంగతి ఒప్పుకుంటారు. ఈ రాత్రి వంటవాడు చేసింది కూడా బాగుందనిపించింది నాకు, అంత సంతోషంగా ఉంది.

నీ సవతి పీడ విరగడైనందుకు అభినందనలు.

తమ్ముడు


మే 4

తమ్ముడూ,

నువ్వు "మంచికే జరిగింది" అని రాసిన ఉత్తరం నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గుమ్మంలో పడుంది. నీకు తెలియక రాశావు. అయినా దాన్ని రెండోసారి చదవలేకపోయాను.

కళ్ళ గురించి నువ్వు రాసింది ప్రమాదం జరిగిన మర్నాడు వచ్చింది.

ఏం జరిగిందో రాస్తాను. ఆ రోజు సాయంత్రం కారు కడిగి, "పద, నిన్ను తిప్పుతాను" అన్నారు. నన్ను ఎటైనా తీసుకెళ్తానని ఆయన అని ఎన్నాళ్ళయింది? చీర మార్చుకుని ఎక్కాను. ఎండ పోయి, వీధి దీపాలు ఇంకా వెలగని వేళ. వేగం కూడా లేదు. ఇంజను మా వీపుల వెనక గుర్రుమంటుంటే ఆయన చిన్న పిల్లాడిలా నవ్వుతున్నారు. ఎడమ పక్క సందులోంచి సైకిలు మీద ఒకావిడ వచ్చింది. నేను చూశాను. "చూడండి! చూడండి!" అని అరిచాను. "ఏది?" అన్నారు.

ఏది అన్నారురా. ఆవిడ మా ఎదురుగానే ఉంది.

నా కేకకి బ్రేకు తొక్కారు. కారు అక్కడికక్కడ ఆగింది. కానీ అప్పటికే గుద్దుకుని కింద పడిపోయింది ఆవిడ, చక్రం కాలి మీదికి ఎక్కేసింది.

లాండ్రీలో ఇస్త్రీ చేస్తుందట. రోజంతా నిలబడి చేసే పని. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. నేను వెళ్తే వాళ్ళమ్మ వార్డు తలుపు దగ్గరే ఆపేసింది. తిట్టలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

నువ్వు చెప్పినట్టు ఆయన చెవి పక్కన చెయ్యి ఊపాను. కదల్లేదు. ఇంకా దగ్గరగా ఊపాను. గాలి తగిలి, "ఈగలు ఎక్కువయ్యాయి" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆయన చెప్పరు, నేను అడగను. కేసు పెట్టారు. కారు పోలీసుల దగ్గర ఉంది.

ఇప్పుడు నిన్ను ఒకటి అడగాలి. కళ్ళ సంగతి చెప్తే లాయరు అంటాడు, చూపు లేదని తెలిసీ నడిపాడంటే జైలు తప్పదు, బ్రేకు ఫెయిలైందంటే బయటపడొచ్చు, అని. సిలిండర్ నువ్వు బాగుచేసి పంపిందని చెప్పాను. "ఆయన ఒక కాగితం రాసిస్తే చాలు, రబ్బర్లు సరైనవి దొరక్క వేరేవి వేశానని" అన్నాడు. జైల్లో ఆయన గోడలు తడుముకుంటూ ఎలా బతుకుతారు? నువ్వు చిన్నప్పుడు ఏం చేసినా నేను నీ వెనక నిలబడ్డాను. ఇది ఒక్కటి చెయ్యి.

అక్క


మే 17

అక్కా,

నాలుగు కాగితాలు రాసి చించేశాను. ఇది ఐదోది.

ఆ రబ్బర్లు సరైనవే. ఆ సిలిండర్ నా చేతి మీద నుంచి వెళ్ళిన వాటిలో అన్నిటికంటే బాగా చేసింది. నీకూ తెలుసు, కారు అక్కడికక్కడ ఆగిందని నువ్వే రాశావు.

నేను ఆ కాగితం రాస్తే ఇక్కడ నన్ను మళ్ళీ బ్రేకు ముట్టనివ్వరు. నిండు బరువుతో కొండ దిగే ట్రక్కులు ఇవి. ముట్టనివ్వకపోవడమే న్యాయం కూడా. దాని సంగతి పోనీ, నా ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. కానీ బ్రేకుదే తప్పని కోర్టు నమ్మితే, బావ చేతికి మళ్ళీ తాళాలు వస్తాయి. ఆ సైకిలు ఆవిడకి తన కాలు ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు. ఒక రబ్బరు ముక్క వల్ల పోయిందనుకుంటుంది.

ఇన్ని రాసి, చివరికి నీకు కాదనలేకపోయాను. లాయరు అడిగిన మాటలే రాసి సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను. వాడతావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. నన్ను మాత్రం మళ్ళీ ఏమీ అడగకు.

బావకి ఈ కాగితం సంగతి తెలుసా?

తమ్ముడు


జూన్ 12

తమ్ముడూ,

కోర్టు అయిపోయింది.

నీ కాగితం లాయరుకి ఇచ్చాను. ఇవ్వలేదని అబద్ధం ఆడను. మీ బావకి చెప్పలేదు. "మీ తరఫున నేను చూసుకుంటాను, మీరు అడిగినదానికి తలూపండి చాలు" అని ఆయనతో అన్నాడు లాయరు.

సైకిలు ఆవిడ వచ్చింది. చక్రాల కుర్చీలో, వాళ్ళమ్మ నెట్టుకుంటూ. మా వైపు చూడలేదు.

లాయరు లేచి మొదలుపెట్టాడు. కారు పాతది, నిపుణుడు కానివాడు ఇంట్లో చేసుకున్న రిపేరు, బ్రేకు సిలిండర్‌లో నాసిరకం రబ్బర్లు, పెడలు తొక్కినా కారు ఆగలేదు, దీనికి సాక్ష్యంగా... అంటూ నీ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు మీ బావ లేచి నిలబడ్డారు.

"ఆగలేదని ఎవరన్నారు?" అన్నారు.

లాయరు కూర్చోమని సైగ చేశాడు. సైగలు ఆయనకి కనపడవు కదా. జడ్జి, "మీరు చెప్పాల్సింది ఉందా?" అంటే, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి చెప్పారు. "బ్రేకులు బాగున్నాయండి. నేనూ మా ఆవిడా కలిసి చేశాం. సిలిండర్ మా బావమరిది చేశాడు. దాంట్లో వంక పెట్టడానికి లేదు. తొక్కగానే ఆగింది. కావాలంటే ఇప్పుడు వెళ్ళి తొక్కి చూడండి."

"మరి ఎందుకు గుద్దారు?"

"నాకు కనపడలేదండి. కిందటేడు నుంచీ సరిగ్గా కనపడటం లేదు. తెల్ల కారుకి పసుపు కలిసిన తెలుపు వేశానని ఓనరు పనిలోంచి తీసేశాడు. ఆ రోజే తెలిసింది నాకు. తెలిసే నడిపాను. ఒక్కసారి నడిపి, తర్వాత అమ్మేద్దామనుకున్నాను."

సైకిలు ఆవిడ వాళ్ళమ్మ ఏడ్చేసింది. కూతురు ఏడవలేదు. మా వైపు చూసింది, మొదటిసారి. ఆ చూపులో క్షమ ఏమీ లేదు, నువ్వు అలా అనుకోకు. చూసింది, అంతే.

రెండేళ్ళు వేశారు. తీసుకెళ్తుంటే పక్కనే నడిచాను. "నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. "చెప్తే నువ్వు కారు చెయ్యనిచ్చేదానివి కాదు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని జడ్జికి చెప్పారు. అదీ ఎందుకు? బ్రేకుల మీద మాట పడనివ్వడం ఇష్టం లేక. నా మీద ప్రేమతో కాదు, ఆవిడ మీద జాలితో కూడా కాదేమో. నాకు తెలియదు. ఆయనకి కూడా తెలుసో లేదో.

నీ కాగితం లాయరు దగ్గర అడిగి తీసుకుని చించేశాను.

అక్క


జులై 20

అక్కా,

చాలా రోజులు ఏం రాయాలో తోచలేదు. బావ అన్న మాటలు ఫోర్మన్‌కి చదివి వినిపిద్దామని తీసుకెళ్ళి, చదవకుండానే తిరిగి వచ్చాను. గర్వపడితే ఆ కాలు గుర్తొస్తోంది.

సెప్టెంబరులో సెలవు ఇస్తామన్నారు. వస్తాను. నీకు నా మీద కోపం ఉంటే రావద్దని రాయి, బాధపడను. కారు పోలీసులు వదిలేశారా? నేను వచ్చేదాకా దాన్ని ముట్టకు, ఎవరికైనా ఇచ్చెయ్యడమో ఏదో ఒకటి చేద్దాం. కంటి డాక్టరు ఏమన్నాడు? జైల్లో చూపించారా?

తిండి తింటున్నావా?

తమ్ముడు


ఆగస్టు 23

తమ్ముడూ,

కోపం ఉంది. నీ మీదో, ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. అయినా రా.

జైలు డాక్టరు చూశాడు. మందు లేదట. ఎదురుగా ఉన్న కాస్తా కూడా ఏడాదిలో పోతుందట.

కారు నీ కోసం ఉంచలేదు. షెడ్డు తలుపు తీసిన ప్రతిసారీ ఎదురుగా అదే. పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాను. ఇంజను విడిగా అమ్ముకుందామని పొద్దున్నుంచి తంటాలు పడ్డాడు. పైనుంచి రాలేదు, కిందనుంచి రాలేదు. కట్టినవాణ్ణీ వాడి తాతనీ తిట్టి, చివరికి గ్యాసు తెచ్చి సీట్ల దగ్గర కారుని అడ్డంగా కోసేశాడు. రెండు ముక్కలైతే గానీ ఇంజను బయటపడలేదు. కాలిన రంగు వాసన ఇంకా ఇంట్లో ఉంది.

మొన్న ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మధ్యలో ఇనుప జాలీ, అటు ఆయన, ఇటు నేను. సన్నబడ్డారు. కారు పోయిందని చెప్పాను.

"ఇంజను ఎలా తీశాడు?"

"కోసి."

తలూపారు. తర్వాత, ఇన్ని నెలల్లో మొదటిసారి అడిగారు. "ఆవిడ ఎలా ఉంది?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. కిందటి వారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఈసారి తలుపు ఆవిడే తీసింది, చంకల కింద కర్రలు పెట్టుకుని. లాండ్రీ వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారట. నేను నోరు తెరిచేలోపే అంది, "మీరు రావద్దండి. మీరొచ్చిన రోజు మా అమ్మ అన్నం తినదు." అదే ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను.

"అయితే వెళ్ళకు" అన్నారు.

"వెళ్ళను" అన్నాను.

గంట కొట్టారు. ఆయన లేచి, తలుపు ఎటుందో తెలియక గోడ తడుముతూ నిలబడ్డారు. "కుడివైపు" అని అరవబోయాను. నా కుడో ఆయన కుడో తోచక నోరు ఆగిపోయింది. ఈలోగా అక్కడి మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు.

అక్క